నాచారంలో పండ్ల అర్ర

హైదరాబాదు వెళ్ళొచ్చానని తెలిసి మా వీధిలో ఆడవాళ్ళంతా చార్మినారు చూశావా, గాజులు తెచ్చావా అని అడిగారు. చూడలేదు, తేలేదు. నేను చూసింది నాచారంలో ఒక పాత ఇల్లు. ఇంటిని చూడటానికి అంత దూరం పోతారా అని నవ్వినవాళ్ళే, కూర్చోబెట్టి చెప్పాక, పొయ్యి మీద అన్నం పెట్టొచ్చిన సంగతి మరిచిపోయి విన్నారు. అందుకని వెళ్ళని వాళ్ళ కోసం రాసి పెడుతున్నాను.

మా ఊరు నూజివీడు పక్కన. మా రెండోవాడు సురేశ్ నాచారంలో ఒక కంపెనీలో ఫిట్టరు. అక్కడి పిల్లనే చేసుకున్నాడు. పిల్ల తల్లి, అంటే మా వియ్యపురాలు, పేరు యాదమ్మ. పెళ్ళి ఉప్పల్లో ఫంక్షన్ హాల్లో చేశారు కాబట్టి వాళ్ళ ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలియదు. మామిడికాయలు కోతకొచ్చిన రోజుల్లో ఆవిడ ఫోన్ చేసింది.

“వదినె, వానలు పడకముందే ఇల్లు కూలగొడ్తనంటున్నడు మా మరిది. ఎనక గోడ ఉబ్బింది. నీ కోడలు పుట్టిన ఇల్లు. ఒక్కపారి కండ్ల సూసి పో.”

ఆ ఇంట్లోనే ఆవిడ మెస్సు నడుపుతుంది. భర్త పోయిన దగ్గర్నుంచి ఫ్యాక్టరీల వాళ్ళకు వండిపెట్టే పిల్లల్ని పెంచింది. ఇల్లు పోతే పొయ్యి కూడా పోతుంది. ఆ మాట ఆవిడ అనలేదు. అనకపోయినా గొంతులో ఉంది.

ఉప్పల్ చౌరస్తా

వియ్యాలవారింటికి వట్టి చేతులతో పోలేం కదా. గంపెడు చిన్నరసాలు, పచ్చివే, ముదురు కాయలు ఏరి పట్టుకెళ్ళాను. పండ్లు తీసుకుపోతే దారిలో నలిగిపోతాయి. కాయలైతే అక్కడ గడ్డిలో మగ్గబెట్టుకోవచ్చు. బస్సు సూర్యాపేటలో ఆగింది. పది రూపాయల టీ అంటే గుక్కెడు ఇచ్చారు. మా బస్టాండులో టీ అంతకన్నా ఎక్కువ పోస్తారు, రుచి మాత్రం సూర్యాపేటదే బాగుంది. పక్క సీటు ఆవిడ గంప వైపు చూసి, “కార్బైడ్ పెట్టలేదుగా?” అని అడిగింది. కాయకు ఇంకా తొడిమ జిగురే ఆరలేదు, మందు ఎక్కడ పెడతాం అన్నాను. అయినా వాసన చూసింది.

ఉప్పల్ చౌరస్తాలో రోడ్డు దాటడానికి గాలిలో గుండ్రంగా ఒక వంతెన కట్టారు. నాలుగు వైపులా మెట్లు, మెట్రో స్టేషనుకు ఒక దారి. “పైకెక్కి నాచారం వైపు మెట్లు దిగమ్మా” అని సురేశ్ ఫోనులో చెప్పాడు. పైకైతే ఎక్కాను. గుండ్రంగా ఉన్నదానికి ఏ వైపు ఏదో ఎలా తెలుస్తుంది? గంప నెత్తిన పెట్టుకుని నడిచాను, నడిచాను, ఎక్కిన చోటికే వచ్చాను. మళ్ళీ నడిచాను. అక్కడ కాపలా ఉన్న అమ్మాయి నవ్వు ఆపుకోలేక దగ్గరికొచ్చింది.

“ఏందమ్మా, గిరగిర తిరుగుతున్నవ్? ఏమన్న మొక్కున్నదా?”

“నాచారం మెట్లు ఏవమ్మా?”

“రెండుపార్లు దాటిపోయినవ్ వాటిని. రా, జర నా ఎంబడి రా.”

గంప తనే అందుకుని దింపి పెట్టింది. ఒక కాయ ఇవ్వబోతే, “పచ్చిగున్నది గదమ్మా, ఉప్పు కారం ఎక్కడ దెస్త?” అని తిరిగి గంపలో వేసింది. కింద సురేశ్ నిలబడి ఉన్నాడు. కిందనుంచి నన్ను రెండుసార్లు చూశాడట. చెయ్యి ఊపాడట. నెత్తిన గంప ఉన్నవాళ్ళు తల ఎత్తరు, దించరు అని వాడికి తెలియదు.

నవాబు చూసే దిక్కు, ఎద్దులు చూసే దిక్కు

నాచారంలో ముందు ముక్కుకు తెలిసేది మందుల వాసన. ఆసుపత్రి వరండాలో ఉండే వాసన కాదు, ఇంకొంచెం పులుపు. రెండో రోజుకు తెలియకుండా పోతుంది. పెద్ద షెడ్లు, గేట్ల ముందు మోటార్ సైకిళ్ళు, షిఫ్టు మారేటప్పుడు రోడ్డంతా మనుషులు. వాటి వెనక సందులోకి తిరిగితే ఒక పొడుగాటి పాత ప్రహరీ, లోపల చింతచెట్లు, మామిడి చెట్లు. అది నవాబు తోట. నవాబు పేరు ఎవరికీ సరిగా తెలియదు, అందరూ నవాబు అనే అంటారు. పట్నంలో ఎండ ఎక్కువైనప్పుడు చల్లదనానికి ఇక్కడికొచ్చి ఉండేవాడట. లోపలి బంగళా సగం పడిపోయింది. గేటుకు తాళం. వారసుల మధ్య కేసు నడుస్తోందట.

ఆ ప్రహరీని ఆనుకునే యాదమ్మ ఇల్లు. తోట పని చేయించేవాళ్ళ కోసం, పంట దాచడం కోసం నవాబు మనుషులే కట్టించారు. బయట నిలబడగానే నాకు ఒక సంగతి వింతగా కనపడింది. ఇంటికి రెండు ముఖాలు. తోట వైపు చూసే గోడకు మూడు కమాన్లు, కమాన్ల మీద సున్నంతో చెక్కిన తీగలు, పూలు, పావురాలు. పొలాల వైపు, అంటే ఇప్పుడు ఫ్యాక్టరీల వైపు, గోడ ఉత్త రాయి, మట్టి. కిటికీ కూడా లేదు.

“ఇదేంటి వదినగారూ, మీ ఇంటికి ఒక వైపే నగలు పెట్టారు?” అన్నాను.

“మీరు, గారు ఏంది వదినె? నేనేమన్న తాసిల్దారునా?” అని గదమాయించి, అప్పుడు చెప్పింది. “బంగళ మీదికెక్కితే నవాబు ఇంటి ఆడోళ్ళకు ఈ గోడ కనవడ్తదంట. అందుకని ఇటు సోకు. అటు సూసేటియి ఎద్దులే గదా, ఎద్దులకు పువ్వులెందుకు?”

మా వైపు ఎంత పెద్ద ఇల్లయినా సోకంతా వీధి గుమ్మం దగ్గర ఉంటుంది, దారిన పోయేవాడు చూడాలని. ఇక్కడ దారిన పోయేవాడితో పని లేదు. చూడవలసినవాళ్ళు ఒక్క ఇంటివాళ్ళే.

లోపల నాలుగు వైపులా వసారా, మధ్యలో ఆకాశం. మా మండువా లోగిలి లాంటిదే. కాని గోడలు మా గోడలకు రెండింతల మందం. గోడలోని కిటికీ గూట్లో నేను కాళ్ళు మడిచి కూర్చుంటే ఇంకా చోటు మిగిలింది. గచ్చు మీద సున్నం, బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపి రుద్దారట. మధ్యాహ్నం దానిమీద పడుకుంటే వీపు చల్లగా ఉంటుంది. పైన టేకు దూలాలు, వాటి మీద గూనపెంకు. బావి దగ్గర ఎద్దులు మోట లాగుతూ దిగే ఏటవాలు నేల ఇప్పటికీ ఉంది. తినడానికి వచ్చినవాళ్ళు అక్కడ బండ్లు పెడతారు. స్టాండు వేయని బండి మెల్లగా జారి దిగువ గోడకు తగులుతుంది. అందరికీ అలవాటే, ఎవరూ తల కూడా తిప్పరు.

ఎడ్లకొట్టం ఇప్పుడు భోజనాల గది. ఎద్దులు మేత మేసే గాట్ల మీద పలకలు పరిచి బల్లలు చేశారు. జొన్నరొట్టె, పప్పు, పచ్చిపులుసు, ఒక కూర. డెబ్బై రూపాయలు. కర్నూలు వాళ్ళు, నల్లగొండ వాళ్ళు, బీహారు వాళ్ళు పక్కపక్కనే కూర్చుని తింటారు. చింతపండు పిసికి పచ్చి ఉల్లిపాయ వేసి అలాగే పోసుకోవడం చూసి, పొయ్యి మీద పెట్టడం మరిచిపోయారేమో అనుకున్నాను. వేడి అన్నంలో కలుపుకున్నాక ఇంక ఏమీ అనుకోలేదు.

సాయంత్రం యాదమ్మ మరిది మల్లేశ్ వచ్చాడు. కంపెనీ బస్సు నడుపుతాడు, ఇంట్లో ఒక వాటా అతనిది. చేతిలో కల్లు సీసాలు. నాకు కూడా ఒక గ్లాసు పోశాడు. మా వైపు వియ్యపురాలికి కల్లు పోస్తే పంచాయతీ పెడతారు. ఇక్కడ పొయ్యకపోతే పెడతారట. “తాగక్కా, పొద్దుగాల దింపిందే. దవాఖాన మందుల కన్న మంచిది” అన్నాడు. పెదవులకు ఆనించాను. మజ్జిగ కన్నా తియ్యగానే ఉంది. ఎంత తాగానో అడగకండి.

ఈ ఇల్లు మీకెలా వచ్చింది అని అడిగితే ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. మామగారి తండ్రి చేసిన చాకిరీకి నవాబు రాసిచ్చాడని యాదమ్మ అంది. కాదు, జత ఎద్దులిచ్చి నవాబు గుమాస్తా దగ్గర కొన్నారని మల్లేశ్ అన్నాడు. రోజూ అక్కడే తినే పెంటయ్య అనే ముసలాయన, చిన్నప్పుడు ఆ తోటలో చిలకలు తోలినవాడు, రొట్టె తుంచుతూ అన్నాడు:

“ఎవ్వలియ్యలే, ఎవ్వలు కొనలే. నవాబు పోయిండు, వీళ్ళున్నరు. గంతే.”

ఉబ్బిన గోడ

గొడవంతా వెనక అర్రది. అర్ర అంటే గది. బియ్యం బస్తాలు పెట్టేది అక్కడే. తలుపు తీస్తే చీకటి, తడి వాసన. లోపల గోడకు నడుము ఎత్తు దాకా సిమెంటు గిలాబా, అంటే పూత, దాని మీద ఆకుపచ్చ రంగు. ఆ సిమెంటు మధ్యలో నిండు చూలాలి పొట్టలా ముందుకు పొడుచుకొచ్చింది.

మల్లేశ్ దాని మీద చెయ్యి కూడా పెట్టనివ్వలేదు. “దూలాలు గీ గోడ మీదనే ఉన్నయక్కా. ఇది పోతే ఇంటి కప్పంత పోతది. రోజు గింతమంది తింటరిక్కడ. ఎవ్వలి మీదన్న పడితే ఎవ్వలు జవాబు జెప్తరు? మా వదిననేమో ఇల్లు ఇల్లు అంటది. ఇల్లు ముఖ్యమా, మనుషులు ముఖ్యమా?”

“కూలగొట్టినంక నన్నేడ వండుమంటవ్? నీ బస్సులనా?” అంది యాదమ్మ.

“బిల్డర్ కొత్తది కట్టినంక కింద ఒక షెట్టర్ ఇస్తనన్నడు గదా.”

“ఎప్పుడు? నేను సచ్చినంకనా?”

ఇద్దరి మాటా నాకు సబబుగానే తోచింది. మేస్త్రీ వచ్చే ఆదివారం వస్తాడని, ముందు పెంకు దింపుతారని అన్నారు. నేను నా కాయల సంగతి చూసుకున్నాను. వాళ్ళ దగ్గర ఎండుగడ్డి లేదు. గోనెసంచులు, పాత పేపర్లు పరిచి, ఆ అర్రలోనే ఒక మూల కాయలు పేర్చి కప్పాను. నాలుగు రోజులకు పండుతాయి, పోయేలోపు అందరం తినొచ్చు అనుకున్నాను.

మౌలాలి గుట్ట

మధ్యలో ఒక రోజు యాదమ్మ మెస్సు మూసి నన్ను మౌలాలి తీసుకెళ్ళింది. గుట్ట మీద దర్గా. మెట్లు ఎక్కుతుంటే మోకాళ్ళు గుర్తొచ్చాయి. మా ఊళ్ళో కొండెక్కితే కొబ్బరికాయ కొడతాం. ఇక్కడ చక్కెర, పూల చాదరు. యాదమ్మ బొట్టు పెట్టుకునే వచ్చి మొక్కింది, ఎవరూ వింతగా చూడలేదు. ఆవిడ ఏం మొక్కిందో నేను అడగలేదు, ఆవిడ చెప్పింది.

“ఇల్లు నిలవెట్టుమని మొక్కలే వదినె. కూలేదుంటే ఎవ్వలు లేనప్పుడు కూలాలె అని మొక్కిన.”

పైనుంచి రైలు పట్టాలు జడపాయల్లా కనిపిస్తాయి. ఒకటి విడిపోతుంది, ఇంకొకటి వచ్చి కలుస్తుంది. ఎటు చూసినా శ్లాబులు, నల్ల ట్యాంకులు. నాచారం వైపు ఒక్కచోట మాత్రం పచ్చగా చెట్ల గుంపు. “అదే నవాబు తోట” అని వేలితో చూపించింది. ఇల్లు కనబడలేదు. చెట్ల పక్కన ఏదో ఎర్రగా ఉంటే అదే మన పెంకు అని ఇద్దరం అనుకున్నాం. అది వాటర్ ట్యాంకు కూడా కావొచ్చు.

కాయలు చెప్పిన సంగతి

తిరిగొచ్చిన మర్నాడు, పండి ఉంటాయని అర్ర తలుపు తీశాను. వాసన తేడాగా ఉంది. గోనె ఎత్తితే కాయలన్నీ చెమటలు పట్టి, తొడిమల దగ్గర నల్లబడి, కొన్నిటికి తెల్లగా బూజు. ఒక్కటి సరిగా లేదు. మా అమ్మ కాలం నుంచి కాయలు మగ్గబెడుతున్నాను. గంపకు రెండు పోవడం తెలుసు గాని, గంపంతా పోవడం అప్పుడే చూశాను. ఏడుపొచ్చినంత పనైంది. బయటికి తెచ్చి బావి దగ్గర కుమ్మరిస్తుంటే భోజనానికి వచ్చిన పెంటయ్య చూశాడు.

“ఎక్కడ మగ్గవెట్టినవ్ బిడ్డా?”

“వెనక అర్రలో పెద్దయ్యా. గాలే లేదు ఆ గదిలో. మా ఇంట్లో కాయల గదికి నేల దగ్గర కిటికీ ఉంటుంది.”

ముసలాయన నవ్వాడు. “అది పండ్ల అర్రనే గదా! నవాబు పండ్లన్ని గక్కడనే మగ్గవెట్టేది. గడ్డి పరిచి, కాయ మీద కాయ తాకకుండ పేరుస్తుండె మా నాయన. పండ్లు బండ్ల మీద పట్నం పోతుండె. దానికి గాలి లేకుండుడేంది? కింద గోడ పొంటి వరుసగ గాలి బొక్కలుండాలె. పిల్లి దూరేటన్ని. ఏమైనయ్ అవి?”

యాదమ్మ చేతిలో రొట్టె పిండి అలాగే ఉండిపోయింది. ఆవిడ అంది:

“నేనే మూసిన.”

మెస్సు పెట్టిన కొత్తలో పందికొక్కులు ఆ బొక్కల్లోంచి వచ్చి బియ్యం బస్తాలు కొరికేవట. రాళ్ళు కూరి, లోపలా బయటా సిమెంటు పూయించింది. కడుక్కోవడానికి బాగుంటుందని నడుము దాకా గిలాబా చేయించి రంగు కూడా వేయించింది. ఇంట్లో ఆవిడ సొంత సంపాదనతో చేయించిన మొదటి పని అదే. వచ్చినవాళ్ళకి చూపించుకునేదట.

“బియ్యం కాపాడిన అనుకున్న వదినె. ఇల్లు నేనే కూలగొట్టుకున్ననా ఏంది?”

నాకూ తెలియదు. గాలి లేక కాయలు కుళ్ళిన మాట ఒక్కటే తెలుసు. “ఎలాగూ కూల్చేదే కదా వదినా, ఒక్క బొక్క తీసి చూద్దాం. గోడ లోపల ఎలా ఉందో తెలుస్తుంది” అన్నాను. అప్పటికి గారు పోయింది, మీరు పోయింది.

ఆదివారం

మల్లేశ్ ఒప్పుకోలేదు. ఉబ్బిన గోడను కొడితే అప్పుడే మీద పడుతుందని భయం. చివరికి మేస్త్రీ వచ్చి, దూలాల కింద సెంట్రింగు కర్రలు బిగించాక, యాదమ్మ గడ్డపార అడిగింది.

“నువ్వెందుకు వదినా, మేస్త్రి ఉన్నడు గదా.”

“నేను మూసిన. నేనే తీస్త. నువ్వు జర అవతలికి జరుగు.”

నేలకు జానెడు ఎత్తులో గడ్డపార పెట్టి పొడిచింది. రెండు దెబ్బలకు ఏం కాలేదు. మూడో దెబ్బకు లోపలెక్కడో బోలుగా చప్పుడైంది. మేస్త్రీ ఆవిడ భుజం పట్టి వెనక్కి లాగాడు. మేం గడప దాటామో లేదో, ఆ ఆకుపచ్చ పొట్టంతా ఒక్క పలకలా ఊడి దబ్బున నేల మీద పడింది. దుమ్ము. మల్లేశ్ “వదినా!” అని అరిచాడు. వదిన అతని పక్కనే ఉంది.

దుమ్ము అణిగాక అందరం కప్పు వైపు చూశాం. కప్పు కదల్లేదు. గోడ వైపు చూశాం. గోడ అక్కడే ఉంది. తడిసి నల్లబడిన రాయి, మధ్యమధ్య పాత సున్నం, కింద వరుసగా చిన్న కమాన్లు. తోట వైపు ఉన్న పెద్ద కమాన్ల లాంటివే, పిల్లి దూరేటంత. వాటి నిండా యాదమ్మ కూరిన రాళ్ళు. మేస్త్రీ దారానికి గుండు కట్టి పై నుంచి వేలాడదీశాడు. ఈ చివర చూశాడు, ఆ చివర చూశాడు.

“గోడ సక్కగనే ఉన్నది” అన్నాడు. “తడి బయటికి పోలేక సిమెంటును ముందటికి దొబ్బింది. ఉబ్బింది సిమెంటు, గోడ గాదు. కని తడి మస్తున్నది. మొత్తం సిమెంటు గీకాలె, బొక్కలు తెరవాలె, ఎండాలె. కర్రలు గట్లనే ఉండనియ్యిరి. వాన పడ్డంక మల్లొకపారి గుండేసి సూస్త. అప్పటిదాక ఏం జెప్ప.”

యాదమ్మ ఒక రాయి లాగింది. దానికి అవతలి వైపు మేస్త్రీ సిమెంటు పొడిచాడు. బొక్కలోంచి వెలుతురు నేల మీద పడింది. తర్వాత గాలి వచ్చింది. ఫ్యాక్టరీ వాసనే, అయినా చల్లగా ఉంది.

మల్లేశ్ గోడ మీద ఒకసారి చెయ్యి పెట్టి చూసి, నా వైపు తిరిగాడు. “మీ ఆంధ్రోళ్ళ కాయలు మురిగి మా బిల్డర్ బేరం ఖరాబ్ జేసినయక్కా.”

“మంచి పండ్లు తెచ్చుంటే తిని ఊరుకునేవాళ్ళం తమ్ముడూ” అన్నాను.

నవ్వాడు. నవ్వాపి వదినతో అన్నాడు: “ఈ వానకాలం సూద్దాం. గోడ కదిలితే మాత్రం నా మాట వినాలె.”

“వింట” అంది యాదమ్మ. “ఇప్పుడైతే చేతులు కడుక్కొని రా. అన్నం సల్లారుతది.” ఆ రోజు మెస్సుకు సెలవు. అయినా మనిషికి రెండు రొట్టెలు ఎక్కువే పెట్టింది.

మా ఊరు చేరాక

వచ్చేటప్పుడు యాదమ్మ నాకు కోడలి చేత బొట్టు పెట్టించి, చీర పెట్టి, గంపలో సర్వపిండి, సకినాలు సర్దింది. వంతెన మీద ఈసారి తప్పలేదు. ఆ కాపలా అమ్మాయి గుర్తుపట్టి, “మొక్కు తీరిందా?” అని అడిగింది. చూడాలి అన్నాను.

మా ఊళ్ళో వాన పడ్డప్పుడల్లా అక్కడ కూడా పడిందా అని ఫోన్ చేసేదాన్ని. మా ఆయన విసుక్కున్నాడు, వాతావరణం వార్తలు టీవీలో వస్తాయిగా అని. పడింది, బాగానే పడింది. ముసురు వదిలాక ఒక పొద్దున ఆవిడే చేసింది.

“వదినె, మేస్త్రి వచ్చి మల్ల గుండేసి సూసిండు.”

“ఏమన్నాడు?”

“కదల్లేదంట. కర్రలు తీసేసిండు. సున్నం పెట్టిపిస్తున్నం. మల్లేశే దెచ్చిండు సున్నం.”

మళ్ళీ ఆవిడే అంది:

“పందికొక్కులు గుడ మల్లొచ్చినయ్ వదినె. బొక్కలకు ఇనుప జాలీ కొట్టిపిచ్చిన. బియ్యం ముందర అర్రల వెట్టిన, ఇరుకైంది.”

“మరి వెనక అర్ర?”

“ఖాళీగనే ఉంచిన. గడ్డి తెమ్మని పెంటయ్యకు జెప్పిన. వచ్చే ఎండకాలం వచ్చేటప్పుడు నువ్వు పండ్లు తేకు. కాయలే పట్టుకరా.”